ఒక్క మీటింగులో అన్ని వైరస్‌ల గురించీ చెప్పించాలనుకోకండి

విజయవాడ పటమటలో 48 ఫ్లాట్లున్న అపార్ట్‌మెంటుకి కార్యదర్శిగా చేస్తున్న ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా ఆయన మాటల్లోనే: “ఈ వర్షాకాలంలో మా దగ్గర ముగ్గురికి డెంగీ వచ్చింది. 500 కరపత్రాలు వేయించి పంచాం. గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టాం. ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఒక ఆదివారం గంటసేపు మీటింగు పెట్టి డెంగీ, చికున్‌గున్యా, ఫ్లూ, కామెర్లు, రేబిస్ అన్నిటి గురించీ డాక్టరుగారితో మాట్లాడించాలనుకుంటున్నాం. ఏమేం చెప్పిస్తే బాగుంటుంది?”

సార్, ముందు మీకు నమస్కారం. సొంత పనులు మానుకుని పదిమంది ఆరోగ్యం గురించి ఆలోచించేవాళ్ళు తక్కువ. నేను మొదట గుంటూరులో, తర్వాత విజయవాడలో కలిపి 31 ఏళ్ళు ఆరోగ్యశాఖలో వీధులు తిరిగే ఉద్యోగం చేసి, సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. డాక్టర్ని కాదు. కానీ జనానికి ఏది చెబితే చెవికెక్కుతుందో, ఏది ఎక్కదో తిరిగి తిరిగి నేర్చుకున్నాను. ఆ అనుభవంతోనే అంటున్నాను, ఆ మీటింగు పెట్టకండి.

గంటలో ఐదు జబ్బుల గురించి వింటే, ఇంటికెళ్ళేసరికి గుర్తుండేది డాక్టరుగారు బాగా మాట్లాడారన్న సంగతొక్కటే. ఒక్కో జబ్బుకీ మామూలు మనిషి చేయగలిగిన పని ఒకటో రెండో ఉంటాయి. ఆ పని చేయాల్సిన చోటే నిలబడి, చేయాల్సిన రోజుల్లోనే చెప్పాలి. నీళ్ళ డ్రమ్ము గురించి డ్రమ్ము దగ్గర చెప్పాలి. కుక్కకాటు గురించి పిల్లలకి చెప్పాలి. కామెర్లలో ఒక రకమైన హెపటైటిస్-బికి టీకా గురించి నెలలు నిండిన అమ్మాయి ఉన్న ఇంటికెళ్ళి చెప్పాలి.

చాలా ఏళ్ళ కిందట మా పరిధిలోని ఒక కాలనీలో ఇంటింటికీ డెంగీ కరపత్రాలు పంచాం. వారం తిరక్కుండా ఆ వీధిలో పదేళ్ళ బాబు ఐసీయూలో ఉన్నాడని తెలిసి వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మమ్మ ఒక్కతే ఉంది. నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి డబ్బాల అలమర తలుపు తెరిచింది. మేమిచ్చిన కరపత్రం తలుపుకి లోపలివైపు అన్నం మెతుకులతో అంటించి ఉంది. “మీరు రాసినవన్నీ చేశాం బాబూ. దోమతెర కట్టాం. జ్వరం రాగానే డాక్టరుకి చూపించాం. నాలుగోరోజుకి జ్వరం తగ్గిపోయింది. తగ్గింది కదా అని చారన్నం కలిపి పెట్టాం. కడుపునొప్పి అని పడుకుంటే, జ్వరం పడ్డ ఒళ్ళు కదా, నీరసం అనుకున్నాం” అంది.

ఆ కాగితాన్ని అక్కడే నిలబడి పైనుంచి కిందిదాకా మళ్ళీ చదివాను. దోమ బొమ్మ ఉంది. వైరస్ నాలుగు రకాలని ఉంది. పరిసరాల పరిశుభ్రత గురించి పెద్ద పేరా ఉంది. జ్వరం తగ్గిన రోజునే కనిపెట్టుకుని ఉండాలన్న ముక్క మాత్రం లేదు. అది రాసింది నేనే. దేవుడి దయవల్ల బాబు బతికాడు. జనం పట్టించుకోరు అనే మాట మాత్రం ఆ రోజు నుంచి నా నోట రాలేదు. మీ 500 కరపత్రాల్లో కూడా కొన్ని ఏ అలమర తలుపుకో అంటించే ఉంటాయి. ఒకసారి తీసి చూడండి, అందులో ఏముందో.

అందుకే డెంగీ గురించి ఒక్కటే చెప్పే వీలుంటే నేను ఇదే చెబుతాను. డెంగీలో ప్రమాదం జ్వరం కాస్తున్నప్పటి కంటే జ్వరం దిగే వేళ ఎక్కువ. మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల, జ్వరం తగ్గుతున్న ఆ ఒకటి రెండు రోజుల్లో, కొంతమందికి రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోతుంది. రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. పైకి చూస్తే జ్వరం లేదు, ఒళ్ళు చల్లగానే ఉంది, ఇంట్లోవాళ్ళు హమ్మయ్య అనుకుంటారు. అప్పుడే కడుపులో గట్టిగా నొప్పి, ఆగకుండా వాంతులు, చిగుళ్ళలోంచో ముక్కులోంచో రక్తం, నల్లటి విరేచనం, చేతులూ కాళ్ళూ చల్లబడటం, మనిషి మగతగా పడి ఉండటం, లేకపోతే ఊరికే చిరాకుపడటం, గంటల తరబడి మూత్రానికి వెళ్ళకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రి రెండు గంటలైనా సరే ఆస్పత్రికి బయల్దేరాలి. తెల్లారనిచ్చి చూద్దాం అనకూడదు. ఇంతకుముందు ఒకసారి డెంగీ వచ్చి తగ్గినవాళ్ళకి రెండోసారి వేరే రకం వైరస్ సోకితే తీవ్రమయ్యే అవకాశం ఎక్కువ, వాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ప్లేట్‌లెట్ల టెన్షన్ గురించి కూడా ఒక మాట. మన దగ్గర డెంగీ అనగానే “కౌంట్ ఎంత?” అన్నదే మొదటి ప్రశ్న. లక్ష కిందికి దిగితే చాలు, ఇంటిల్లిపాదీ రక్తదాతల కోసం ఫోన్లు మొదలుపెడతారు. కౌంట్ పడటం డెంగీలో మామూలే, చాలామందికి దానంతటదే పెరుగుతుంది. రక్తస్రావం లేకుండా ఉంటే సాధారణంగా 10,000 లోపుకి పడేదాకా ఎక్కించాల్సిన అవసరం రాదు. రక్తం ఎంత చిక్కబడింది, బీపీ ఎలా ఉంది, మూత్రం వస్తోందా లేదా అన్నవి డాక్టరు అంతకంటే ముఖ్యంగా చూస్తారు. బొప్పాయి ఆకు రసం సంగతి చాలామంది అడుగుతారు. దాని మీద నమ్మకంతో ఆస్పత్రికి వెళ్ళడం ఆలస్యం చేయవద్దని చెప్పండి, చాలు. దాని గురించి వాదన పెట్టుకుంటే మీరు చెప్పే మిగతా మాటలు కూడా వినరు.

జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఇంకేదీ సొంతంగా వేసుకోకూడదు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి డెంగీలో రక్తస్రావం ముప్పు పెంచుతాయి. ఇక్కడే డిగ్రీ లేకుండా వీధిలో వైద్యం చేసే ఆర్‌ఎంపీ సంగతి వస్తుంది. మీ అపార్ట్‌మెంటులో పనిచేసేవాళ్ళు జ్వరం వస్తే మొదట వెళ్ళేది ఆయన దగ్గరికే, ఒక ఇంజెక్షన్ వేయించుకుని పనికి వచ్చేస్తారు. అవి చాలావరకు నొప్పుల ఇంజెక్షన్లే. ఆయన్ని తిట్టి ప్రయోజనం లేదు. అర్ధరాత్రి తలుపు కొడితే తీసేది ఆయనే. పట్టణ ఆరోగ్య కేంద్రం డాక్టరుగారితో ఆయన్ని ఒక పూట కూర్చోబెట్టండి. ఈ సీజనులో జ్వరానికి నొప్పి ఇంజెక్షన్ వేయకుండా, మూడోరోజుకీ తగ్గకపోతే పరీక్షకి పంపితే, మీ డాక్టరుగారి గంట ఉపన్యాసం కంటే ఆ వీధికి అదే ఎక్కువ మేలు. పరీక్ష విషయంలో కూడా, మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 (వైరస్‌నే పట్టే పరీక్ష), ఆ తర్వాత ఐజీఎం (వైరస్ మీద ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకాల్ని పట్టే పరీక్ష) అని గుర్తుంచుకుంటే డబ్బు దండగ కాకుండా ఉంటుంది.

ఇక దోమ. డెంగీ దోమ మురుక్కాలవలో పుట్టదు. ఏలూరు కాలవనీ బందరు కాలవనీ తిట్టుకోవడం మనకి అలవాటు. ఇది మాత్రం మన ఇంట్లో మంచినీళ్ళలోనే పుట్టి, మనల్నే పగటిపూట కుడుతుంది. పొద్దున, మళ్ళీ సాయంత్రం చీకటి పడకముందు ఎక్కువ. పుట్టిన చోటు నుంచి మూడు నాలుగు వందల మీటర్లకి మించి మామూలుగా వెళ్ళదు. అంటే మీ బ్లాకులో ముగ్గురికి డెంగీ వచ్చిందంటే దోమల పుట్టిల్లు మీ కాంపౌండులోనో పక్క సందులోనో ఉన్నట్టే.

ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు, చూపిస్తే నమ్ముతారు. నేను చేసే పని ఇది. తెల్లటి గిన్నె ఒకటి, టార్చిలైటు ఒకటి తీసుకెళ్తాను. డ్రమ్ము మూత తీయగానే గిన్నె ముంచను, మన నీడ పడితే దోమ పిల్లపురుగులు అడుక్కి పోతాయి. ఒక్క నిమిషం కదలకుండా నిలబడితే మళ్ళీ పైకి వచ్చి, నీటి పైపొరకి తోక ఆనించి తల కిందికి పెట్టి వేలాడతాయి. అప్పుడు గిన్నెతో చటుక్కున తీసి ఆ ఇంటావిడ చేతికే ఇస్తాను. తెల్ల గిన్నెలో అవి మెలికలు తిరుగుతుంటే ఆవిడ ముఖం చూడాలి. “ఈ నీళ్ళతోనే కదండీ పొద్దున పిల్లలకి స్నానం చేయించాను” అంటుంది. ఆ తర్వాత నేను చెప్పాల్సింది పెద్దగా ఉండదు. ఆ నీళ్ళు కొన్ని గాజుసీసాలో పోసి, మూతికి పల్చటి గుడ్డ బిగించి కట్టి, వాళ్ళ గూట్లోనే పెట్టి వస్తాను. మూడు నాలుగు రోజుల్లో పురుగులు గుండ్రంగా ముడుచుకుని, ఆపైన సీసాలో నల్లటి ఒంటిమీద తెల్లచారలున్న దోమలు తిరుగుతుంటాయి. ఆ సీసా చుట్టుపక్కల ఇళ్ళన్నీ తిరిగి వస్తుంది. మైకు పెట్టిన ఆటో చేయలేని పని అది చేస్తుంది.

గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. మన రాష్ట్రంలో శుక్రవారం డ్రై డే అని పెట్టింది అందుకే, వారానికోసారి నీళ్ళు పారబోస్తే దోమ అయ్యేలోపే దాని కథ ముగుస్తుంది. కానీ చాలామంది పారబోయడంతోనే ఆపేస్తారు. ఆ దోమ గుడ్లు నీటి మీద పెట్టదు, నీటి అంచుకి కాస్త పైన గోడకి అంటించి పెడుతుంది. ఆ గుడ్లు ఎండిపోయి కూడా నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. కాబట్టి డ్రమ్మయినా, కూలరు తొట్టయినా కొబ్బరిపీచు పెట్టి గోడలు రుద్దాలి, ముఖ్యంగా నీటి అంచు ఉండే గీత దగ్గర. ఎండాకాలం అయ్యాక అటకెక్కించిన కూలరుని మళ్ళీ దించినప్పుడు కూడా అంతే.

విద్యాధరపురం వైపు కొండమీది ఇళ్ళల్లో తిరిగేటప్పుడు ఒకావిడ నన్ను నిలదీసింది. “డ్రమ్ములు ఖాళీ చేయమంటారు సరే, మళ్ళీ నింపడానికి నీళ్ళు రోజంతా ఇప్పిస్తారా?” ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. కొండ ఎక్కే నీళ్ళకి వేళలుంటాయి, బిందెలు మోసినవాళ్ళకి తెలుస్తుంది చుక్క విలువ. ఆ తర్వాత ఆవిడే దారి చూపించింది. పాత చీర ముక్క మడత పెట్టి డ్రమ్ము మూతి మీద పరిచి, సైకిలు ట్యూబు కోసి రబ్బరు బ్యాండులా బిగించింది. దోమ లోపలికి పోదు. నీళ్ళు ముంచుకుని మళ్ళీ బిగించడం క్షణం పని. నేను అప్పటి నుంచి ప్రతి వీధిలో ఆవిడ పద్ధతే చెబుతున్నాను. మీరు కూడా “చేయండి” అని చెప్పేముందు “ఎందుకు కుదరటం లేదు” అని అడగండి, సగం దారి అక్కడే దొరుకుతుంది.

మీ పటమట పక్కనే ఆటోనగర్ ఉంది. పాత టైరు లోపల నిలిచిన వాన నీటికి ఎండ తగలదు, మనిషి కంటికి కనపడదు, దోమకి అంతకంటే సుఖమైన చోటు లేదు. షెడ్ల యజమానులతో గొడవకి పోకండి. టైర్లు నిలువుగా పేర్చి పైన టార్పాలిన్ కప్పమనండి, కప్పలేని వాటికి రంధ్రం పెట్టమనండి. మీ లోపల చూడాల్సినవి సంపు మూత సందు, లిఫ్టు గుంట, వాచ్‌మన్ గది మీద పడేసిన పెయింటు డబ్బాలు, ఎవరూ ఉండని ఫ్లాట్ల బాల్కనీల్లో పూలకుండీల కింద ప్లేట్లు, ఫ్రిజ్ వెనకాల ట్రే. ఫాగింగ్ చేయించమని కార్పొరేషన్‌కి అర్జీలు పెడుతుంటారు. పొగ ఎగిరే దోమనే చంపుతుంది, నీళ్ళలో పురుగుకి ఏమీ కాదు. మూడోరోజుకి కొత్త దోమలు తయారు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మన ఊళ్ళో సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు సాయం చేసేవాళ్ళు నీళ్ళున్న రోజుల్లోనే దోమలమందు పంచారు. నిజానికి డెంగీ దోమ ప్రవాహంలో పుట్టదు. వరద తీసిన తర్వాత వీధుల్లో పడేసిన బకెట్లలో, విరిగిన ఫ్రిజ్‌లలో, కొబ్బరి బోండాల్లో నిలిచిన నీళ్ళలో పుడుతుంది. హెచ్చరిక అప్పుడు ఇవ్వాలి, సాయానికి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయిన రెండో వారంలో.

జబ్బుకి పెట్టే పేరు కూడా జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది. 2006లో చికున్‌గున్యా మన రాష్ట్రమంతా వచ్చినప్పుడు చాలా ఇళ్ళల్లో కోడికూర మానేశారు, చికెన్ వల్ల వస్తుందని. చికున్‌గున్యా అన్న మాట ఆఫ్రికాలో మకొండే భాష నుంచి వచ్చింది, నొప్పులతో వంగిపోవడం అని అర్థం. డెంగీని మోసే దోమే దాన్నీ మోస్తుంది, కాబట్టి దానికి వేరే ప్రచారం అక్కర్లేదు.

ఆటలమ్మ విషయంలో మాత్రం జాగ్రత్తగా మాట్లాడండి. అమ్మవారు పోసిందన్న ఇంట్లో వైరస్ పేరు చెప్పి, నమ్మకాన్ని ఎగతాళి చేసిన మా కుర్ర ఉద్యోగులు ఒకళ్ళిద్దరు గడప దాటలేకపోయారు. నేను గుమ్మానికి కట్టిన వేపమండకి దణ్ణం పెట్టి లోపలికి వెళ్ళేవాణ్ణి. ఆ ఆచారంలో మనకి కావలసింది చాలా ఉంది. బయటివాళ్ళు లోపలికి రారు, పిల్లవాడు బడికి పోడు. పొక్కులన్నీ పెచ్చు కట్టేదాకా అంటుకునే జబ్బు కాబట్టి, ఆ కట్టుబాటు అప్పటిదాకా సాగించమనే అడిగేవాణ్ణి. గర్భిణి ఎవరైనా ఉంటే ఆ ఇంటికి దూరంగా ఉంచమని, పెద్దవాళ్ళకి వస్తే ఆయాసం కనిపెట్టి చూడమని, పిల్లలకి గోళ్ళు కత్తిరించమని, ఆస్పిరిన్ ఇవ్వొద్దని చెబితే విన్నారు. అమ్మవారనే పిలిచిన మశూచిని లేకుండా చేసింది టీకాయే, మన దేశంలో అది లేదని 1977లో, ప్రపంచంలోనే లేదని 1980లో ప్రకటించారు. ఆ రోజుల్లో టీకా వేసినవాళ్ళు కూడా అమ్మవారి మీద నమ్మకమున్న ఇళ్ళకే వెళ్ళారు.

కుక్కకాటు గురించి పెద్దల మీటింగులో చెప్పి లాభం తక్కువ. సెల్లారులో ఆడుకునే పిల్లల్ని పోగేసి చెప్పండి. కరిచినా, గోరు గీరినా, పుండు మీద నాకినా అమ్మ తిడుతుందని దాచకూడదు, అంతే. రేబిస్ లక్షణాలు మొదలైతే మనిషి దాదాపు దక్కడు. మొదలవకముందు సరిగ్గా వైద్యం అందితే దాదాపు రాదు. ఇంత తేడా ఉన్న జబ్బు ఇంకొకటి నాకు తెలియదు. మన గుంటూరు వైపు గాయంలో కారం నింపేవాళ్ళని చూశాను, సున్నం, కాఫీపొడి పెట్టేవాళ్ళనీ చూశాను. ఏదీ వద్దు. కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, గడియారం చూసి. ఆ తర్వాత అదేరోజు ఆస్పత్రికి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్ల కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు ప్రభుత్వాస్పత్రిలో చేతికి వేస్తారు, ఉచితం. మొదటిది వేసిన రోజుని సున్నాగా లెక్కపెట్టి మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. రెండు వేయించుకుని కుక్క బాగానే తిరుగుతోంది కదా అని మానేసేవాళ్ళు చాలామంది, ఆ తేదీలు ఫోనులో పెట్టించండి. రక్తం వచ్చేలా కరిస్తే వైరస్‌ని అక్కడికక్కడే అడ్డుకునే ఇమ్యూనోగ్లోబ్యులిన్ మందు కూడా గాయంలోనే వేయాలి, దాన్ని అడిగి వేయించుకోవాలి.

కామెర్లకి పసరు సంగతి మీరూ వినే ఉంటారు. నీళ్ళ ద్వారా వచ్చే హెపటైటిస్-ఎ చాలామందికి దానంతటదే తగ్గుతుంది, ఆ పేరు పసరుకి వెళ్తుంది. అదే నిండు గర్భిణికి హెపటైటిస్-ఇ అయితే, పసరు తాగుతూ గడిపిన నాలుగు రోజులు ప్రాణం మీదికి తెస్తాయి. హెపటైటిస్-బి నీళ్ళతో రాదు, రక్తంతో, తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. పుట్టిన 24 గంటల్లో బిడ్డకి టీకా పడిందా అని అడగడం మర్చిపోవద్దు. కుళాయి నీళ్ళు రంగు మారినా వాసన వచ్చినా వార్డు సచివాలయంలో వెంటనే రాయించండి, ఆ రోజు నుంచి అందరూ కాచి చల్లార్చి తాగండి. ఫ్లూకి కొత్తగా చెప్పాల్సింది పెద్దగా లేదు, మాస్కూ చేతులు కడగడమూ కరోనా వచ్చిన 2020లోనే అందరం నేర్చుకున్నాం.

2020 నుంచి నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఇళ్ళకి స్టిక్కర్లు, వీధికి అడ్డంగా కర్రలు కట్టిన రోజుల్లో భయపడి జ్వరాన్ని దాచుకున్నవాళ్ళున్నారు. కాబట్టి ఫలానా ఫ్లాటులో డెంగీ అని మీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అలా పెడితే నాలుగో కేసు మీకు తెలియదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. మీటింగుకి అనుకున్న డబ్బుతో టార్చిలైట్లు, తెల్ల గిన్నెలు కొనండి. ఈ శుక్రవారం పొద్దున ఆరున్నరకి మీ ఏఎన్‌ఎంనో ఆశా కార్యకర్తనో రమ్మని అడగండి, వాళ్ళకి ఈ పని కొట్టిన పిండి. వెంట పిల్లల్ని తీసుకెళ్ళండి, మూతలు తీయడానికి వాళ్ళకున్న ఉత్సాహం పెద్దలకి ఉండదు. వాచ్‌మన్ గది దగ్గర మొదలుపెట్టకండి, వాళ్ళని తప్పుబట్టినట్టు ఉంటుంది. మీ సొంత ఫ్లాటుతో మొదలుపెట్టండి, మీ బాల్కనీ కుండీ కింద ప్లేటులో పురుగు దొరికితే అదే అందరికీ చూపించండి. ఇళ్ళల్లో పనిచేసే అమ్మాయిలకి కూడా ఆ గిన్నె చూపించండి. ఒక్కొక్కరు నాలుగైదు ఇళ్ళకి వెళ్తారు, ఆ కబురు మీ 48 ఫ్లాట్లు దాటి పోతుంది.

సీసా పెడితే మూతి గుడ్డ రెండు మడతలు వేసి గట్టిగా కట్టండి. వారం అయ్యాక గుడ్డ విప్పకుండానే పైనుంచి మరిగే నీళ్ళు పోసి, దోమలన్నీ చచ్చాయని చూసుకుని అప్పుడు పారబోయండి.